కోత పొట్టకే... మార్పు ఇంటిల్లిపాదికీ!

లావుగా ఉన్నవాళ్లకు దొరికినన్ని సలహాలు మన దగ్గర ఇంకెవరికీ దొరకవు. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో తేనె, నిమ్మరసం కలుపుకొని తాగమని ఒకరు... రాత్రిపూట అన్నం మానేసి పుల్కాలు తినమని ఇంకొకరు... మెంతులు నానబెట్టమని, గ్రీన్ టీ తాగమని, మెట్లెక్కమని మరొకరు. బస్సులో పక్క సీటాయన దగ్గర్నుంచి పెళ్లిపందిట్లో కలిసిన దూరపు చుట్టం దాకా అందరూ వైద్యులే!

ఆ సలహాలన్నీ పాటించి, పది కిలోలు తగ్గి, పన్నెండు కిలోలు పెరిగాక... ఏదో ఒక రోజున ఇంట్లో ఆపరేషన్ మాట వినిపిస్తుంది. అంతే, ఇల్లు రెండు వర్గాలైపోతుంది. 'నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా?' అని ఒక వర్గం. 'లక్షలు పోతే పోయాయి, ఒక్కరోజులో పీడ వదిలిపోతుంది' అని ఇంకో వర్గం. తమాషా ఏంటంటే, ఈ విషయంలో ఇద్దరి లెక్కా తప్పే.

బరువు తగ్గించే ఆపరేషన్... వైద్యులు బేరియాట్రిక్ సర్జరీ అంటారు... అందం కోసం చేసేది కాదు. బద్ధకస్తులు వెతుక్కునే అడ్డదారీ కాదు. ఊబకాయం అనే జబ్బుకి చేసే చికిత్స. అయితే ఆ చికిత్సలో ఆపరేషన్ థియేటర్లో జరిగేది కొంతే. మిగిలిందంతా ఆ తర్వాత ఏళ్ల తరబడి మన వంటింట్లో, మన పీటల దగ్గర జరగాలి. ఈ సంగతి ముందే తెలిసిన కుటుంబానికి ఈ ఆపరేషన్ వరం. తెలియకపోతే అదే కొత్త కష్టం.

నోరు కట్టుకుంటే చాలదా?

బరువు కొద్దిగా ఎక్కువున్నవాళ్లకు చాలామటుకు చాలుతుంది. మధుమేహం అంచున ఉన్నవాళ్లు ఒంటి బరువులో ఏడు శాతం తగ్గించుకుని, వారానికి రెండున్నర గంటలు నడవాలన్న లక్ష్యంతో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2002లో వచ్చాయి. ఆ దారిలో నడిచినవాళ్లకు మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. కాబట్టి నడక, తిండి అదుపు వృథా అని ఎవరైనా అంటే నమ్మకండి.

కానీ బాగా పెరిగిపోయిన బరువు సంగతి వేరు. మన శరీరం ఎన్నో కరవుకాలాలు దాటుకుని వచ్చింది. ఒంట్లోని కొవ్వు దాని దృష్టిలో కష్టకాలానికి దాచుకున్న ధాన్యపు గాదె. ఆ గాదె ఖాళీ అవుతుంటే శరీరం చూస్తూ ఊరుకోదు. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి పది వారాల పాటు అతి తక్కువ క్యాలరీల ఆహారమిచ్చి చూశారు. బరువు తగ్గారు. కానీ ఏడాది గడిచాక పరీక్షిస్తే, ఆకలిని రేపే హార్మోన్లు ఇంకా పెరిగే ఉన్నాయి. తృప్తినిచ్చే హార్మోన్లు ఇంకా తగ్గే ఉన్నాయి. ఈ ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి.

అమెరికాలో బరువు తగ్గే పోటీ టీవీ కార్యక్రమంగా వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత శాస్త్రవేత్తలు మళ్లీ పరీక్షించారు. పోగొట్టుకున్న బరువులో చాలా భాగం తిరిగి వచ్చేసింది. అంతకన్నా ఆశ్చర్యం... వాళ్ల శరీరాలు ఉండాల్సిన దానికన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. అంటే ఒక పూట భోజనమంత తేడా! 2016లో ఈ సంగతి బయటికొచ్చింది. ఇక ఆ మనిషిని 'నీకు నిగ్రహం లేదు' అనడంలో న్యాయం ఉందా?

ఒక పుండు నేర్పిన పాఠం

ఊబకాయానికి ఆపరేషన్ ఆలోచన కొత్తదేం కాదు. 1954లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించి, తిన్నది ఒంటికి పట్టకుండా చేసే పద్ధతిని ప్రకటించారు. బరువు తగ్గేవాళ్లు కానీ ఆగని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు, కాలేయం దెబ్బతినడం లాంటి ఇబ్బందులు వచ్చిపడ్డాయి. తర్వాత్తర్వాత ఆ పద్ధతిని వదిలేశారు.

అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ ఉండేవారు. కడుపులో పుండుకి అప్పట్లో జీర్ణాశయంలో కొంత భాగం తీసేసేవారు. అలా చేయించుకున్నవాళ్లు తర్వాత బరువు పెరగలేకపోవడం ఆయన గమనించారు. ఒకరికి ఇబ్బందైనది ఇంకొకరికి మందు అవుతుంది కదా అనిపించింది. 1966లో ఆయన గ్యాస్ట్రిక్ బైపాస్‌కి శ్రీకారం చుట్టారు. నూరేళ్లు బతికి 2020లో కన్నుమూసిన మేసన్‌ని ఈ శస్త్రచికిత్సకు పితామహుడిగా చెప్పుకుంటారు. 1990లలో లాప్రోస్కోపీ వచ్చాక పొట్టను నిలువునా కోయాల్సిన అవసరం తప్పింది. చిన్న చిన్న రంధ్రాలతోనే పని పూర్తవుతోంది.

మన దేశంలో ఈ మాట ఇంటింటికీ చేరడానికి రాజకీయ నాయకులూ ఒక కారణం. 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ ఈ ఆపరేషన్ చేయించుకున్నప్పుడు పత్రికలన్నీ రాశాయి.

లోపల ఏం చేస్తారు?

ఇప్పుడు ఎక్కువగా చేసేవి రెండు పద్ధతులు. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. సంచిలా ఉండే జీర్ణాశయంలో దాదాపు ముప్పావు వంతుకు పైగా నిలువునా కత్తిరించి తీసేస్తారు. మిగిలింది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టంలా ఉంటుంది. ప్రపంచంలో ఎక్కువగా జరుగుతున్నది ఇదే. తీసేసిన భాగాన్ని మళ్లీ పెట్టడం కుదరదు... ఇది గుర్తుంచుకోవాలి.

రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయం పైభాగంలో కోడిగుడ్డంత చిన్న సంచిని విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. తిన్న ఆహారం మిగతా జీర్ణాశయాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండా పక్కదారిలో కిందికి వెళ్తుంది. బైపాస్ రోడ్డు పడ్డాక బస్సులు ఊళ్లోకి రాకుండా వెళ్లిపోయినట్టు!

లైపోసక్షన్‌ని కూడా చాలామంది ఇదే అనుకుంటారు. కాదు. అది చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం. ఒంటి ఆకృతి కోసం చేసేది. దానివల్ల ఆకలి మారదు, మధుమేహం తగ్గదు. ఊబకాయానికి అది చికిత్స కాదు.

ఇక అసలు కిటుకు... 'కడుపు చిన్నదైతే తక్కువ తింటారు, అందుకే తగ్గుతారు' అనే చాలాకాలం అనుకున్నారు. అది సగం నిజమే. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు గ్రెలిన్ అనే హార్మోన్‌ని కనుక్కున్నారు. ఇది ముఖ్యంగా జీర్ణాశయం పైభాగంలో తయారై 'ఆకలేస్తోంది' అని మెదడుకి కబురు పంపుతుంది. స్లీవ్‌లో ఆ భాగమే చాలావరకూ పోతుంది. బైపాస్‌లో ఆహారం పేగు కింది భాగానికి తొందరగా చేరడంతో 'ఇక చాలు' అని చెప్పే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు బాగా పెరుగుతాయి. ఆహార నియమాలతో బరువు తగ్గినప్పుడు ఆకలి పెరిగితే, ఆపరేషన్ తర్వాత ఆకలే తగ్గుతుంది. ఎన్నో ఏళ్లుగా ఆకలితో కుస్తీ పడుతున్న మనిషికి ఇదెంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

బరువుకన్నా ముందే దిగే చక్కెర

అమెరికాలోని నార్త్ కరోలినాలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ 1995లో ఒక విచిత్రం ప్రకటించారు. ఆయన బృందం 608 మందికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేసింది. వాళ్లలో మధుమేహం ఉన్నవారిలో ఎనభై శాతానికి పైగా మందికి చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. అదీ కొన్ని రోజుల్లోనే, ఇంకా బరువు పెద్దగా తగ్గకముందే! 'ఎవరనుకున్నారిలా జరుగుతుందని?' అనే అర్థంలో ఆయన తన వ్యాసానికి పేరు పెట్టుకున్నారు. దీన్ని 'మెటబాలిక్ సర్జరీ' అని కూడా పిలుస్తారు.

అయితే మధుమేహం పూర్తిగా పోతుందని ఎవరైనా రాసిస్తే మాత్రం అనుమానించండి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 150 మంది మధుమేహులపై చేసిన అధ్యయనం ఐదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకన్నా తక్కువకు వచ్చినవాళ్లు... మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం, స్లీవ్ చేయించుకున్నవారిలో 23 శాతం, బైపాస్ చేయించుకున్నవారిలో 29 శాతం. ఆపరేషన్‌తో చాలా మెరుగే, కానీ అందరికీ కాదు. జబ్బు వచ్చి ఎన్నో ఏళ్లైనవాళ్లకు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు ఆ అవకాశం ఇంకా తక్కువ. వాళ్లలో కూడా మందుల మోతాదు తగ్గే వీలుంటుంది.

ఆయుష్షు మాటేమిటి? స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్న 2010 మందినీ, చేయించుకోని 2037 మందినీ దాదాపు 11 ఏళ్లు గమనించారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు దాదాపు నాలుగోవంతు తక్కువగా ఉన్నాయని 2007లో తేల్చారు.

ఎవరికి అవసరం?

కిలోల్లోని బరువుని మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. అమెరికా నిపుణులు 1991లో ఒక గీత గీశారు. బీఎంఐ 40 దాటినవాళ్లకు, లేదా 35 దాటి మధుమేహం లాంటి జబ్బులున్నవాళ్లకు ఆపరేషన్ అని. మనవాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి చక్కెర జబ్బు వస్తుంది. అందుకే మన దేశ నిపుణులు 2009లో ఆ గీతను 37.5కీ, జబ్బులుంటే 32.5కీ దించారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఇంకా సడలించి, ఆసియావాసులకు బీఎంఐ 27.5 దాటితే ఈ చికిత్సను పరిశీలించవచ్చన్నాయి. పరిశీలించవచ్చు అంటే చేసితీరాలని కాదు సుమా!

మన రాష్ట్రాల పరిస్థితి చూస్తే ఈ లెక్కలు మనకెందుకో తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో బీఎంఐ 25, ఆపైన ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరి కన్నా ఎక్కువ. వీళ్లలో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. ఎవరికి కావాలో తెలియాలంటే ఒక ఉదాహరణ చూద్దాం.

ఓ ఇల్లాలు... 38 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. లెక్కేస్తే బీఎంఐ 39. ఆరేళ్లుగా చక్కెర జబ్బు, మూడు రకాల మాత్రలు వేసుకున్నా అదుపులోకి రావట్లేదు. రాత్రిపూట పెద్ద గురక, మధ్యలో ఊపిరాగినట్టయి ఉలిక్కిపడి లేవడం. మోకాళ్ల నొప్పులతో మేడెక్కలేరు. డైటీషియన్ దగ్గరికి రెండేళ్లు తిరిగారు. ఈమెకు ఆపరేషన్ గురించి చెప్పకపోవడం తప్పవుతుంది. అదే ఎత్తున్న ఆమె చెల్లెలు 66 కిలోలుంది. బీఎంఐ 26. ఏ జబ్బూ లేదు, పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. 'అక్కతో పాటే దీనికీ చేయించేస్తే పోలా' అని ఇంట్లో ఎవరైనా అంటే... వద్దు. ఆ అమ్మాయికి కావాల్సింది సర్జన్ కాదు. రోజూ గంట నడక, కాస్త తిండి అదుపు, ఇంట్లోవాళ్ల నోటి అదుపు!

ఇంకో మాట. అక్క కూడా ఆపరేషన్‌తో సినిమా హీరోయిన్‌లా అయిపోరు. ఒంటి బరువులో పాతిక నుంచి ముప్ఫై శాతం దాకా తగ్గడం మామూలు. అంటే ఏడాది, ఏడాదిన్నర కల్లా 70 కిలోల చేరువలో ఆగవచ్చు. కొలత ప్రకారం అప్పటికీ బరువు ఎక్కువే. కానీ మాత్రలు తగ్గి, రాత్రిళ్లు నిద్రపట్టి, మేడెక్కగలిగితే... అదే గెలుపు. చర్మం వేలాడటం, మొదటి ఆరు నెలల్లో జుట్టు రాలడం కూడా ఉంటాయి. జుట్టు సాధారణంగా మళ్లీ వస్తుంది. చర్మం మాత్రం చాలామందిలో పూర్తిగా బిగుసుకోదు.

ప్రమాదం ఎంత?

ఏ ఆపరేషన్‌కైనా ప్రమాదం ఉంటుంది. అమెరికాలో 4776 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో నెలరోజుల్లోపు చనిపోయినవాళ్లు 0.3 శాతం. అంటే వెయ్యికి ముగ్గురు. తీవ్రమైన ఇబ్బంది ఏదో ఒకటి ఎదురైనవాళ్లు నూటికి నలుగురికి పైగా. కుట్లు వేసినచోట కారడం, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం... వీటికే వైద్యులు ఎక్కువ భయపడతారు. ఇంటికొచ్చాక జ్వరం, గుండెదడ, ఆయాసం, తగ్గని కడుపునొప్పి వస్తే 'గ్యాసేమోలే' అని సోడా తాగించి కూర్చోకండి. వెంటనే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి పరుగెత్తాలి.

తర్వాత వచ్చేవి నెమ్మదిగా వస్తాయి. స్లీవ్ తర్వాత కొందరికి ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు పెరుగుతాయి. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. బైపాస్ తర్వాత తీపి ఎక్కువగా తింటే చెమటలు, గుండెదడ, కడుపులో మెలిపెట్టడం, నీరసం ముంచుకొస్తాయి. దీన్నే డంపింగ్ అంటారు. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగినా, సిగరెట్ మానకపోయినా కలిపిన చోట పుండు పడుతుంది. మద్యం చాలా తొందరగా తలకెక్కుతుంది.

అన్నిటికన్నా కనిపించని ప్రమాదం పోషకాల లోపం. విటమిన్ బీ12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం సాయం కావాలి. ఐరన్, కాల్షియం ఎక్కువగా పట్టేది బైపాస్‌లో తప్పించేసిన పేగు మొదటి భాగంలోనే. కాబట్టి విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. వాంతులు ఆగకుండా రోజుల తరబడి అవుతుంటే విటమిన్ బీ1 పడిపోయి మెదడే దెబ్బతినే ముప్పుంది. 'బాగానే ఉన్నాగా' అని రెండో ఏడు నుంచి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసేవాళ్లే చివరికి రక్తహీనతతో, తిమ్మిర్లతో తిరిగొస్తారు.

పెళ్లైన ఆడపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. బరువు తగ్గగానే నెలసరి గాడిలో పడి, గర్భం తొందరగా వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. తల్లికే పోషకాలు చాలని ఆ రోజుల్లో బిడ్డకెక్కడి నుంచి వస్తాయి? అత్తవారింట్లో ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

కొసరి వడ్డించకండి!

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు మజ్జిగ, పల్చటి సూపు, పప్పుకట్టు లాంటి ద్రవాలే. తర్వాత మెత్తగా చేసినవి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. కానీ మామూలు పరిమాణంలో కాదు. ఒక ఇడ్లీ, చిన్న గిన్నెడు కూర... అంతే. నెమ్మదిగా, బాగా నమిలి, ఇరవై నిమిషాల పైగా తినాలి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. అరగంట ఆగి గుక్కగుక్కగా తాగాలి.

మన తెలుగిళ్లలో తంటా ఇక్కడే వస్తుంది. మనకు ప్రేమంటే వడ్డన. అత్తగారు 'ఇంకొక్క గరిటె వేసుకోమ్మా' అంటారు. పెద్దమ్మ 'నా చేత్తో చేశాను, ఈ ఒక్క అరిసె తినకపోతే ఊరుకోను' అంటుంది. పెళ్లిలో విస్తరి ఖాళీగా కనిపిస్తే 'మొహమాటపడుతున్నారు' అని లడ్డూ వేసి పోతారు. ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఆ ఒక్క గరిటె వాంతి తెప్పించవచ్చు. ఆ ఒక్క లడ్డూ మంచమెక్కించవచ్చు. వాళ్లు మొహమాటపడట్లేదు... జాగ్రత్తపడుతున్నారు.

ఇంకో చిక్కు అన్నంతో. కోడిగుడ్డంత సంచిలో సగం తెల్లన్నంతో నింపేస్తే మాంసకృత్తులకు చోటెక్కడ? రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలంటారు నిపుణులు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. కాబట్టి ముందు గుడ్డు, చేప, చికెన్, పనీర్, గట్టి పప్పు, పెరుగు... ఆ తర్వాత కూర... చివర్లో చోటుంటే అన్నం. అంటే మన విస్తరి వరసే తిరగబడాలి. శాకాహారులైతే డాక్టరు చెప్పిన ప్రొటీన్ పొడి కూడా కావాలి. ఇదంతా ఒక్కరి కోసం విడిగా వండితే నాలుగు రోజులకే విసుగు. ఇల్లంతా అదే దారిలోకి వస్తే అందరికీ మేలు. ఊబకాయం చాలాసార్లు ఒక్క మనిషితో ఆగదు. అమ్మకుంటే పిల్లలకూ ఆ దారి తెరిచే ఉంటుంది.

గొంతు దాటేవాటి మీదా కన్నుండాలి. కడుపు చిన్నదైనా పళ్లరసం, కూల్‌డ్రింకు, ఐస్‌క్రీం, మూడేసి చెంచాల చక్కెర టీ సులువుగా జారిపోతాయి. గంటగంటకీ గుప్పెడు మిక్చరు, రెండు చేగోడీలు కూడా అంతే. మూడు నాలుగేళ్లకు బరువు మళ్లీ పెరగడం మొదలైందంటే ఇవీ ఒక కారణమే. శరీరం తన పాత బరువు కోసం ప్రయత్నిస్తూనే ఉంటుందన్నది ఇంకో కారణం. అలా పెరిగితే సిగ్గుపడి దాక్కోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కొందరికి మనసులోనూ గుబులు, దిగులు కమ్ముకుంటాయి. తిండే ఊరటగా బతికిన మనిషికి ఆ ఊరట పోతే అంతే మరి. దానికీ సలహా తీసుకోవాలి.

ఇంజెక్షన్లు వచ్చాయిగా?

ఇప్పుడందరూ అడిగే ప్రశ్న ఇది. బరువు తగ్గించే మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. ఆపరేషన్ తర్వాత పేగుల్లో పెరిగే జీఎల్‌పీ-1 హార్మోన్‌ని అనుకరించే మందులివి. వెగోవీలోని సెమాగ్లుటైడ్‌పై 2021లో వచ్చిన అధ్యయనంలో 68 వారాలకు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. అయితే మందు ఆపేసిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది.

కాబట్టి ఇది ఆపరేషనా, ఇంజెక్షనా అన్న పోటీ కాదు. బీఎంఐ మరీ ఎక్కువ లేనివాళ్లకు మందు సరిపోవచ్చు. బాగా ఎక్కువున్నవాళ్లకు, మందు పడనివాళ్లకు ఆపరేషన్ మేలు కావచ్చు. ఆపరేషన్ తర్వాత బరువు పెరిగినవాళ్లకు మందు తోడవ్వొచ్చు. ఏదైనా సరే, పక్కింటావిడ వాడుతోందని మందుల షాపులో కొనుక్కుని పొడుచుకునే వ్యవహారం కాదు.

సంతకం పెట్టేముందు...

ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి ముందు బీమా పాలసీ తీసి చదవండి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ప్రామాణిక నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 లేదా ఆపైన ఉంటే... లేదా 35 ఉండి అదుపులోకి రాని మధుమేహం, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండె జబ్బు లాంటివి ఉంటే... డాక్టరు సలహా మీద చేసే ఈ ఆపరేషన్‌ని మినహాయింపుల్లోంచి తప్పించారు. నిరీక్షణ కాలం ఎంతో, ఏ కాగితాలు కావాలో ముందే రాతపూర్వకంగా అడగండి. ఒక్కసారి కట్టే బిల్లే కాదు... ఏటా పరీక్షలు, ప్రతినెలా విటమిన్లు, ప్రొటీన్ పొడి ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుని, డబ్బుల్లేక మాత్రలు మానేయడం కన్నా నష్టం ఇంకోటి లేదు.

సర్జన్‌ని ఈ ప్రశ్నలు తప్పకుండా అడగండి. మీరు ఇప్పటిదాకా ఎన్ని చేశారు? నాకు స్లీవ్ ఎందుకు, బైపాస్ ఎందుకు కాదు? ముందుగా ఎండోస్కోపీ, గుండె పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేస్తారా? మీ బృందంలో డైటీషియన్, మానసిక నిపుణులు ఉన్నారా? అర్ధరాత్రి ఇబ్బందొస్తే ఎవరికి ఫోన్ చేయాలి? 'ఈ వారంలో చేయించుకుంటే ఇంత తగ్గింపు' అని ఆఫర్లు చెప్పేచోట, ఒక్కపూటలో సంతకం పెట్టమని తొందరపెట్టేచోట కాసేపు ఆగండి. రెండో డాక్టరు అభిప్రాయం అడగడం ఎవరికీ అవమానం కాదు.

చాలామంది 'ఎన్ని కిలోలు తగ్గుతాను?' అన్న ఒక్క ప్రశ్నతోనే వెళ్తారు. దానికి బదులు 'ఐదేళ్ల తర్వాత నన్నెవరు చూస్తారు?' అని అడగండి. ఆసుపత్రి దగ్గర దానికి సరైన జవాబుండాలి. ఇంట్లోవాళ్ల దగ్గరా ఉండాలి. సర్జన్ పని ఒకటి రెండు గంటల్లో అయిపోతుంది. పళ్లెంలో తక్కువ పెట్టినా ప్రేమ తక్కువైందని అనుకోకుండా, సాయంత్రం చెయ్యిపట్టుకుని నడకకి తీసుకెళ్లే పని మాత్రం మనవాళ్లదే.